ఎం.జి.బి. కారును ఒక అంగుళము దించుట

పాత స్పోర్ట్సు కార్లను ముద్దుగా పోషించుకొను వారిలో ఒక కోరిక తరచుగా కనబడును. కారు ముందుభాగము కొంచెము క్రిందికి దిగినచో బాగుండునని వారు తలచెదరు. చక్రమునకును, దానిపైనున్న రేకు కమానునకును నడుమ ఖాళీ ఎక్కువైనచో, ఆ కారు పొట్టి పంచె కట్టిన పొడుగరివలె ఏదో వెలితిగా తోచును. సొగసు సంగతి యట్లుండగా, కారు నేలకు దగ్గరైనకొలది మలుపులలో నిలకడగా పోవునన్నది ఈ కోరికకు రెండవ కారణము. ఇందులో సత్యము లేకపోలేదు. అయితే అది ఎంత సత్యమో, ఎచ్చట ఆగునో, ఆ ఒక్క అంగుళమునకై ఎన్ని కొలతలు మారునో తెలిసికొనిన పిమ్మట గాని పానా చేతబట్టరాదు.

ఈ ప్రసంగమున మేము ఒక్క కారునే ఉదాహరణముగ తీసికొందుము. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు నగరమునకు సమీపమున ఆబింగ్డన్ అను చిన్న పట్టణము కలదు. అచటి ఎం.జి. కర్మాగారమునుండి 1962లో ఎం.జి.బి. అను కారు వెలువడినది. సిడ్ ఎనెవర్ అను ఇంజనీరు దీని రూపకల్పనకు పెద్దదిక్కు. 1980లో తయారీ నిలిచిపోవునప్పటికి ఈ కార్లు ఐదు లక్షలకు పైగా తయారైనవి. వానిలో పెక్కు సముద్రము దాటి అమెరికాకు పోయినవి. మనవారికి ఈ కారు పేరు కొత్తగా తోచవచ్చును గాని, దాని ఇంజను మాత్రము మనకు దూరపు చుట్టము కాదు. 2014 వరకు మన రోడ్లకై తయారైన అంబాసిడరు కారులో చిరకాలము పనిచేసిన 1489 ఘనసెంటీమీటర్ల ఇంజనును, ఎం.జి.బి.లోని 1798 ఘనసెంటీమీటర్ల ఇంజనును ఒకే కుటుంబమునకు చెందినవి.

ఇక ఎత్తు విషయము. మొదటి పండ్రెండేండ్లు ఈ కారు క్రోమియపు బంపర్లతో, నేలకు దగ్గరగా, చూడముచ్చటగా ఉండెడిది. అమెరికా ప్రభుత్వము కార్ల బంపర్లు గంటకు 5 మైళ్ల వేగమున తగిలిన దెబ్బకు తట్టుకొనవలెనని నిర్ణయించినది. దీపములు, బంపర్లు నేలనుండి ఎంత ఎత్తున ఉండవలెనన్న నిబంధనలు కూడ కలసివచ్చినవి. కారు ముఖమును మరల తీర్చిదిద్దుటకు కంపెనీకి ధనము గాని, తీరిక గాని లేకపోయెను. అందువలన 1974 చివరి భాగమున బరువైన నల్లని రబ్బరు బంపర్లు తగిలించి, కారు నంతటిని ఒక అంగుళమునకు తక్కువ కాకుండ పైకి లేపిరి. అనగా ఇంజనీరు కోరగా వచ్చిన ఎత్తు కాదది, చట్టము కోరగా వచ్చినది. నేడు ఈ కార్లు గలవారిలో పలువురు తమ కారును దించవలెనని ఆరాటపడుటకు మూలము ఇచ్చటనే ఉన్నది.

అదే సమయమున మరియొక మార్పు జరిగినది. దానిని గూర్చి జనులు అంతగా చెప్పుకొనరు. మలుపులో కారు ప్రక్కకు ఒరగకుండ ముందు చక్రముల రెంటిని కలుపు ఉక్కు కడ్డీ యొకటి ఉండును. దీనిని యాంటీరోల్ బారు అందురు. 1975 నమూనాలో ఖర్చు తగ్గించుటకై రెండు సీట్ల కారునుండి ఈ కడ్డీని తొలగించిరి. కావలసినవారు వేరుగ డబ్బు చెల్లించి పెట్టించుకొనవలసి వచ్చెను. కారు ఎత్తు పెరిగినది, ముక్కు బరువెక్కినది, ఒరుగుడును ఆపు కడ్డీ పోయినది. ఇన్ని ఒక్కమారు జరిగిన పిమ్మట మలుపులలో కారు పడవవలె ఊగినదనిన ఆశ్చర్యమేమున్నది? 1977 నమూనా వచ్చునప్పటికి ముందు కడ్డీని తిరిగి అమర్చి, వెనుకకు కూడ ఒక కడ్డీని చేర్చిరి. అప్పటికే ఈ కారు ఎత్తునకు చెడ్డపేరు వచ్చియుండెను. తప్పులో పెద్ద వాటా కడ్డీది కాగా, నింద యంతయు ఎత్తుపై పడినదని మా అభిప్రాయము.

ఆ అభిప్రాయమునకు ఆధారమేమని అడుగుదురేమో. చిన్న లెక్క చూతము. కారు మలుపు తిరుగునప్పుడు లోపలివైపు చక్రములపై బరువు తగ్గి, వెలుపలివైపు చక్రములపై పెరుగును. ఇట్లు మారు బరువు కారు బరువునుబట్టియు, మలుపు తీవ్రతనుబట్టియు, కారు గరిమనాభి నేలనుండి ఎంత ఎత్తున ఉన్నదన్న దానినిబట్టియు పెరుగును. కుడి ఎడమ చక్రముల నడుమ దూరము పెరిగినకొలది తగ్గును. కారు బరువు 1000 కిలోలు, గరిమనాభి ఎత్తు 50 సెంటీమీటర్లు, చక్రముల నడిమి దూరము 125 సెంటీమీటర్లు అనుకొందము. ప్రక్కకు త్రోయు బలము కారు బరువులో సగమున్న మలుపులో, 200 కిలోల బరువు లోపలినుండి వెలుపలికి మారును. ఇప్పుడు కారు నంతటిని ఒక అంగుళము, అనగా రెండున్నర సెంటీమీటర్లు, దించినామనుకొనుడు. మారు బరువు 190 కిలోలగును. లాభము ఇరువదింట ఒక వంతు. ముందుభాగమును మాత్రమే దించినచో గరిమనాభి దిగుడు సుమారు సగమే గనుక లాభమును సగమే. ఇది సున్న కాదు, కాని దీనికై ప్రాణములు పణముగా పెట్టదగినంతటిదియు కాదు.

ఇక దించుటెట్లు? దానికి ముందు ఈ కారు ముందు చక్రము దేనిపై నిలిచియున్నదో తెలియవలెను. రేడియోలో బొమ్మ చూపుటకు వీలు లేదు గనుక మీ చేతులనే బొమ్మగా వాడుకొనుడు. రెండు చేతులను ఒకదానిపై నొకటి, జానెడు ఎడముతో, ముందుకు చాపుడు. మీ మొండెము కారు శరీరము. క్రింది చేయి రెండు శాఖలుగా చీలిన ఉక్కు చేయి, దీనిని విష్‌బోన్ అందురు. పై చేయి దానికంటె పొట్టిది. రెండు చేతుల కొనలను కలుపుచు నిలువుగ ఒక పుస్తకమున్నట్లు ఊహింపుడు. అదియే చక్రము. చేతులు రెండును కలసి పైకి క్రిందికి కదలిన చక్రమును కదలును. క్రింది చేతి నడుమ ఒక పళ్లెమున్నది. ఆ పళ్లెమునకును, కారు ముందు అడ్డుదూలమునకును మధ్య చుట్టల స్ప్రింగు నలిగి కూర్చుండును.

పై చేతికి ఒక విశేషమున్నది. ఎం.జి.బి.లో ఆ పై చేయి వేరుగ లేదు, షాక్ అబ్సార్బరు చేయియే పై చేయిగా పనిచేయును. అడ్డుదూలముపై బిగించిన చిన్న పెట్టెలో నూనె, ముషలకములు ఉండును. చక్రము ఊగినప్పుడు ఆ చేయి ముషలకములను నెట్టి, నూనెను సన్నని రంధ్రములగుండ పోనిచ్చి ఊపును అణచును. అర్మ్‌స్ట్రాంగ్ కంపెనీవారి ఈ ఏర్పాటు పొదుపైనది, చిరకాలము మన్నినది. కాని నూనె కారిపోయినచో ఊపును అణచుటకు మరి ఏదియు ఉండదు. పెట్టెలోని ఇరుసు అరిగి ఆడుచున్నచో చక్రము నిలువుగ నిలుచుటయే అనుమానమగును. కారును దించదలచినవారు ముందుగా చూడవలసినది స్ప్రింగును కాదు, ఈ పెట్టెను. ఇది బాగుగా లేని కారును దించుట, గోడ పగిలిన ఇంటికి సున్నము వేయుట వంటిది.

కారును దించుటకు అందరికి తోచు మార్గము స్ప్రింగు పొడవు తగ్గించుట. ఇచ్చటనే మొదటి పొరపాటు జరుగుచుండును. స్ప్రింగు ఉన్న పళ్లెము చేతి కొనయందు లేదు, నడిమి భాగమున ఉన్నది. పళ్లెము సరిగా నడుమనున్నదనుకొన్నచో, స్ప్రింగు వద్ద అర అంగుళము తగ్గిన చక్రమువద్ద ఒక అంగుళము దిగును. ఒక అంగుళము దింపగోరి స్ప్రింగును ఒక అంగుళము కోసినవాడు, కారు రెండంగుళములు కూలబడుట చూచి నివ్వెరపోవును. కోసిన ముక్క మరల అతకదు.

కోయుటవలన మరియొక ఫలితము కలుగును. ఒకే తీగెతో, ఒకే వెడల్పున చుట్టిన స్ప్రింగులో పనిచేయు చుట్టలు తగ్గినకొలది అది గట్టిపడును. ఎనిమిది చుట్టలలో ఒకటి పోయినచో దాని గట్టిదనము ఏడింట ఒక వంతు, అనగా నూటికి సుమారు పదునాలుగు వంతులు పెరుగును. కొంత గట్టిపడుట మంచిదే, ఏలనన చక్రము కదలుటకున్న చోటు తగ్గినది. అయితే చదునుగా తీర్చిన కొన పోయి, కోసిన మొనపై స్ప్రింగు వంకరగా కూర్చుండును. కొందరు స్ప్రింగును మంటతో కాల్చి కుంగదీయుదురు. ఇది మరింత కీడు. స్ప్రింగు ఉక్కునకు బలమంతయు దానికిచ్చిన పదునులో ఉన్నది. మంట తగిలిన చోట ఆ పదును పోయి, ఉక్కు మెత్తబడుటయో, పెళుసుబారుటయో జరుగును. అది విరుగునది కారు కొట్టమున నున్నప్పుడు కాదు, గతుకుపై వేగముగ పోవునప్పుడు. మేము చెప్పునదేమనగా, తగిన పొడవునకు, తగిన గట్టిదనమునకు చేయించిన కొత్త స్ప్రింగులను జతగా కొనుడు. ఒక ప్రక్కది కొత్తది, మరియొక ప్రక్కది పాతది అన్న లెక్క పనికిరాదు.

గట్టి స్ప్రింగు ప్రయాణమునకు ఎట్లుండునో కూడ చెప్పవలెను. కారు బరువువలన స్ప్రింగుపై చక్రము 10 సెంటీమీటర్ల మేర కుంగియున్నచో, కారు సహజముగ నిమిషమునకు సుమారు 95 మార్లు ఊగును. ఇది తొందర లేక నడచువాని అడుగులకు దాదాపు సరిపోలును గనుక దేహమునకు హాయిగా నుండును. స్ప్రింగు గట్టిపడి ఆ కుంగుడు 7 సెంటీమీటర్లకు తగ్గినచో ఊపులు 113 వరకు పెరుగును. అప్పుడది పరుగునడక. ఇంకను గట్టిచేసినకొలది కారు పరుగునకు, పిమ్మట కుదుపునకు దిగును. చక్రము గతుకుపై ఎగిరి నేలను విడిచినంతసేపు, ఆ చక్రమునకు బ్రేకు లేదు, స్టీరింగు లేదు.

కారు దిగినప్పుడు ఎక్కువమంది మరచిపోవునది చోటు. చక్రము పైకి లేచునప్పుడు ఒక హద్దువద్ద రబ్బరు దిమ్మ దానిని ఆపును. ఆ దిమ్మకు మూడంగుళముల దూరమున్నదనుకొందము. కారును ఒక అంగుళము దించినచో మిగిలినది రెండు. నడిమలుపులో గతుకు తగిలి చక్రము దిమ్మను తాకినదా, ఆ క్షణమున స్ప్రింగు పని ముగిసి చక్రము కారు శరీరమునకు దాదాపు అతికినట్లగును. వెలుపలి ముందు చక్రముపై బరువు ఒక్కసారిగా పెరిగి, టైరు పట్టు తప్పి, కారు మలుపు విడిచి నేరుగా పోజూచును. నిలకడకొరకు చేసిన పని నిలకడను తీసివేయుట ఇట్లు జరుగును. కొందరు దిమ్మనే కోసి చోటు కల్పింతురు. అప్పుడు ఉక్కునకు ఉక్కు తగులును.

ఇక కోణముల సంగతి. మరల మీ చేతులను చాపి చూడుడు. పై చేయి పొట్టిది గనుక, చక్రము పైకి పోయినకొలది దాని తల లోపలికి వంగును. కారును దించుట అనగా చక్రమును కారుకు సంబంధించి పైకి నెట్టుటయే. కావున దించిన కారు చక్రముల తలలు కొద్దిగా లోపలికి వాలును. ఒక అంగుళమునకు ఈ వాలు మలుపులలో మేలే చేయును. అంతకు మించినచో టైరు లోపలి అంచు త్వరగా అరిగిపోవును. స్టీరింగునుండి చక్రమునకు పోవు కడ్డీ కూడ తనదైన వృత్తములో ఊగును. ఆ వృత్తమును, చేతుల వృత్తములును నిర్మాత నిర్ణయించిన ఎత్తువద్ద ఒకదానికొకటి సరిపోవును. ఎత్తు మారినచో అవి విడిపోయి, గతుకు తగిలినప్పుడెల్ల చక్రము తనంతట తానే ఇటునటు తిరుగజూచును. నడుపువాడు స్టీరింగును కదపకున్నను కారు దారి మార్చుట ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. అందువలన దించిన పిమ్మట చక్రముల అమరికను తప్పక కొలిపించవలెను.

ముందుభాగమును మాత్రమే దించి వెనుకను విడిచిపెట్టినచో కారు ముక్కుపై వంగును. ఎం.జి.బి. ముందు వెనుక చక్రముల నడుమ 91 అంగుళములు. ఒక అంగుళము వంపు అనగా డిగ్రీలో పదింట ఆరు వంతులు. స్టీరింగును తనంతట తిన్నబరచు వెనుకవాలు ఈ కారులో సుమారు 7 డిగ్రీలు గనుక అందులో ఇంత తగ్గినను పెద్ద నష్టము లేదు. రబ్బరు బంపరు కార్లలో వెనుక ఎత్తును కూడ పెంచిరి గనుక, అచటి కమానుకట్టలను పాత నమూనావానితో మార్చుటయో, ఇరుసునకు కట్టకు నడుమ తగిన దిమ్మె పెట్టుటయో చేసిన కారు సమముగ నిలుచును.

ఇంకొక చిక్కు కంటికి కనబడనిది. మలుపులో కారు ఒరుగునప్పుడు ఒక కల్పిత బిందువు చుట్టు ఒరుగును. ఆ బిందువునుండి గరిమనాభి ఎంత దూరమున్నదో ఒరుగుడు అంత ఎక్కువ. కారును దించినచో గరిమనాభి ఒక అంగుళము దిగును, కాని చేతుల వాలు మారుటచేత ఆ బిందువు అంతకంటె ఎక్కువగా దిగిపోవచ్చును. అప్పుడు రెంటి దూరము తగ్గుటకు మారుగా పెరుగును. మిక్కిలి దించిన కారు మునుపటికంటె ఎక్కువ ఒరుగుట అందుచేతనే. దానిని కప్పిపుచ్చుటకు ఇంకను గట్టి స్ప్రింగులు, వానికి తగిన షాక్ అబ్సార్బర్లు, ఇట్లు ఖర్చు కొండవలె పెరుగును.

పని విషయమున ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. నలిగిన స్ప్రింగు అనగా ఎక్కుపెట్టిన విల్లు. చక్రముపై 250 కిలోల బరువున్నచో, చేతి నడుమనున్న స్ప్రింగు దాదాపు రెట్టింపు బరువు మోయుచుండును. బోల్టులు విప్పిన మరుక్షణమున అది తుపాకిగుండువలె రాగలదు. కారు శరీరమును గట్టి ఇనుప స్టాండులపై నిలుపక, జాకీ నొక్కదానినే నమ్మి క్రిందికి దూరుట ఎన్నటికిని కూడదు. అనుభవజ్ఞులు పళ్లెమునకున్న నాలుగు బోల్టులలో ఎదురెదురు మూలలనున్న రెంటిని తీసి, వాని స్థానమున పొడవైన మరకడ్డీలు ఎక్కించి, మిగిలినవి విప్పి, మరలను కొద్దికొద్దిగా వదలుచు పళ్లెమును దించుదురు. స్ప్రింగు పూర్తిగ సడలువరకు తలగాని, చేయిగాని దాని దారిలో ఉండరాదు. పళ్లెము దించి మరల ఎక్కించు నేర్పు లేనివారు ఈ ఒక్క పనికి మెకానిక్కును పిలుచుట ఉత్తమము.

తిరిగి బిగించునప్పుడు చేతుల మొదళ్లలోని రబ్బరు బుష్షుల బోల్టులను చివరి బిగింపు బిగించుట కారు చక్రములపై నిలిచిన పిమ్మటనే జరుగవలెను. చక్రములు గాలిలో వేలాడుచుండగా బిగించినచో, కారు దిగగానే ఆ రబ్బరు మెలిపడి, కొద్ది నెలలలో చిరిగిపోవును. అంతేగాక, ఆ మెలి కారును కొంత పైకి లేపి యుంచుటచే, కొలతయు తప్పుగా వచ్చును.

ఎం.జి. వారే ఈ బాధ లేని కారు నొకదానిని చేసిరనుట ఇచ్చట గుర్తుకు వచ్చును. 1967 నుండి 1969 వరకు వచ్చిన ఎం.జి.సి.లో బరువైన ఆరు సిలిండర్ల ఇంజను ఉండుటచే, చుట్టల స్ప్రింగునకు బదులు మెలితిరుగు ఉక్కు కడ్డీలు పెట్టిరి. కడ్డీ రెండవ కొనను కొద్దిగా త్రిప్పిన ఎత్తు మారును. మన అంబాసిడరు ముందు చక్రములు కూడ చిరకాలము ఇట్టి కడ్డీలపైననే నిలిచినవి.

రబ్బరు బంపరు ఎం.జి.బి. గలవారు చేయవలసిన పని మా దృష్టిలో ఈ వరుసలో ఉండవలెను. మొదట షాక్ అబ్సార్బర్లు, బుష్షులు బాగుచేయింపవలెను. పిమ్మట 1975 నమూనాలో తీసివేసిన యాంటీరోల్ బారును తెచ్చి పెట్టవలెను. ఇది స్ప్రింగులను ముట్టకయే చేయదగిన పని. అటుపిమ్మట కొన్నాళ్లు నడిపి చూచినచో, పెక్కుమందికి దించవలెనన్న ఆతురత సగము తగ్గును. తగ్గనిచో, 1974కు ముందున్న ఎత్తువరకు దించుకొనవచ్చును, అంతకు మించి కాదు. ఆ ఎత్తువద్ద చేతుల వృత్తములును, స్టీరింగు కడ్డీ వృత్తమును కలియునట్లు ఎనెవర్ బృందమువారు కూర్చియుండిరి. పాత నమూనా అడ్డుదూలమును తెచ్చి మార్చువారును కలరు. అది తగిన మార్గమే గాని పెద్ద పని, స్టీరింగు సంధులను కూడ సరిచూచుకొనవలెను.

కొలత సంగతి చెప్పి విరమింతుము. పని మొదలు పెట్టుటకు ముందే, చదును నేలపై, టైర్ల గాలి సరిచూచి, చక్రము నడుమనుండి పైనున్న రేకు కమాను అంచువరకు నాలుగు చక్రములకును కొలిచి వ్రాసికొనవలెను. నేలనుండి కొలిచినచో టైరు గాలి లెక్కను తారుమారు చేయును. పని ముగిసిన పిమ్మట కారును కొంతదూరము నడిపి, స్ప్రింగులు కుదురుకొనిన తరువాత మరల కొలువవలెను. కుడి ఎడమల నడుమ పావు అంగుళమునకు మించి తేడా వచ్చినచో, స్ప్రింగు తన గూటిలో సరిగా కూర్చుండలేదని తెలిసికొనవలెను. ముక్కు దిగుటచే దీపముల వెలుగును దిగును గనుక, ఆ రాత్రికే గోడ ఎదుట కారు నిలిపి వానిని సరిచేయవలెను. ఎం.జి.బి. పొగగొట్టము మొదటినుండియు నేలకు దగ్గరగా వ్రేలాడునది. మన వీధులలోని స్పీడు బ్రేకరు వంటిది ఎదురైనచో, దానిని నేరుగ గాక ఒక్కొక్క చక్రముతో ఏటవాలుగా మెల్లగా దాటవలసియుండును.